మాక్‌బెత్‌ను చెడగొట్టింది భార్యేనా?

షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ మీద ఒక పోస్టు ఈ మధ్య తెగ తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇదీ: “మాక్‌బెత్ మచ్చలేని వీరుడు. భార్య చెవిలో విషం పోసి రాజును చంపించింది. మంత్రగత్తెల జోస్యం అతని తలరాత. పాపభీతి అతనికి ఉంది, ఆమెకు లేదు. ఆమె ఇంగ్లీషు కైక. ఇది స్కాట్లాండ్‌లో నిజంగా జరిగిన కథ.” కింద అందరూ ‘నిజమే కదా’ అంటున్నారు. నాటకంలో కథ ఇదీ: స్కాట్లాండ్ సేనాని మాక్‌బెత్, తన కోటకు అతిథిగా వచ్చిన డంకన్ రాజును నిద్రలో చంపి తానే రాజవుతాడు. ఆ నాటకం తెరిచి చూస్తే పోస్టులో ఏ మాటా నిలబడదు.

ముందు ఆ విషం సంగతి. హత్య ఆలోచన మొదట ఎవరికి వచ్చింది? మొదటి అంకం, మూడో రంగం చూడండి. యుద్ధం గెలిచి వస్తున్న మాక్‌బెత్‌తో మంత్రగత్తెలు ‘నువ్వు రాజువవుతావు’ అంటారు. కాసేపటికే కాడర్ ప్రభువు పదవి వచ్చిందని కబురు అందుతుంది. అంతే, అతని వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, గుండె పక్కటెముకలకు కొట్టుకుంటుంది, ‘హత్య’ అనే మాట అతని నోటి నుంచే వస్తుంది. అప్పటికి భార్య రంగం మీదికే రాలేదు. ఆమెకు ఉత్తరం కూడా అతను ఇంకా రాయలేదు. తర్వాతి రంగంలో డంకన్ రాజు తన కొడుకు మాల్కమ్‌ను వారసుడిగా ప్రకటించగానే, నక్షత్రాలను వెలుగు దాచుకోమంటాడు, తన లోపలి నల్లటి కోరికలు ఎవరి కంటా పడకూడదని. ఆ సమయానికి ఆమె ఎక్కడో ఇన్వర్నెస్ కోటలో ఉంది.

ఆమె కడిగిన ముత్యం అని నేననడం లేదు. అతను ‘ఇక ఈ పని వద్దు’ అని వెనక్కి తగ్గినప్పుడు పిరికివాడివని ఎత్తిపొడిచింది. రాజు గది కాపలావాళ్లకు తాగించే పథకం ఆమెదే. అతను కంగారులో వెంట తెచ్చేసిన బాకుల్ని తిరిగి తీసుకెళ్లి, నిద్రపోతున్నవాళ్లకు నెత్తురు పూసి వచ్చింది. నేరంలో సగం ఆమెది. కానీ ‘మరి ఈ మాట మొదట నాతో ఎత్తినప్పుడు నీలో ఉన్నది ఏ మృగం?’ అని ఆమె నిలదీస్తే అతను కాదనడు. ఆ మాట దాటి ముందుకు వెళ్లకండి, అక్కడ కాసేపు ఆగండి.

అందుకే కైకతో పోలిక నాకు బాధ కలిగిస్తుంది. దశరథుడికి రాముణ్ణి అడవికి పంపాలని లేదు. వరాలకు కట్టుబడి, బతిమాలి, ఏడ్చి, ఆ దిగులుతోనే ప్రాణం విడిచాడు. కైక అడిగింది భర్తకు ఇష్టం లేనిది. లేడీ మాక్‌బెత్ ఉసిగొల్పింది భర్త లోలోపల కోరుకుంటున్న దానికే.

ఇక తలరాత. మంత్రగత్తెలు రాజువవుతావన్నారు గానీ చంపమని అనలేదు. పక్కనే ఉన్న తోటి సేనాని బాంకో కూడా తన వంశం రాజ్యమేలుతుందని విన్నాడు, కత్తి తీయలేదు. ‘అదృష్టం ఉంటే నేను కదలకుండానే కిరీటం వస్తుంది’ అని మాక్‌బెత్తే ఒక క్షణం అనుకుంటాడు. దారి కనబడింది, ఆ దారిన వెళ్లలేదు.

డంకన్ తర్వాత జరిగిన హత్యల ఊసు పోస్టులో లేనే లేదు. తెల్లారగానే ఆ ఇద్దరు కాపలావాళ్లను చంపింది అతనొక్కడే. బాంకో మీదికి హంతకుల్ని పంపి, భార్యతో ‘నీకు తెలియకపోవడమే మంచిది, అయ్యాక మెచ్చుకుందువుగాని’ అంటాడు. మక్‌డఫ్ అనే ప్రభువు దేశం దాటితే అతని భార్యాబిడ్డల మీదికి మనుషుల్ని పంపాడు. ఆ పసివాణ్ణి తల్లి కళ్లముందే పొడుస్తారు. అక్కడ ఎవరి చెవిలో ఎవరు విషం పోశారు?

అన్నిటికన్నా అన్యాయం ‘ఆమెకు పాపభీతి లేదు’ అనడం. హత్య జరిగిన రాత్రే ఆమె అంటుంది: నిద్రలో డంకన్ మా నాన్నలా కనబడకపోతే నేనే ఆ పని చేసేదాన్ని అని. కాసేపటికే ‘కాసిన్ని నీళ్లతో కడుక్కుంటే పోతుంది’ అని భర్తకు ధైర్యం చెబుతుంది. ఆ నీళ్లు ఏమయ్యాయో అయిదో అంకం మొదట్లో తెలుస్తుంది. అర్ధరాత్రి వైద్యుడు, ఒక పరిచారిక నిలబడి చూస్తుంటారు. రాణి చేతిలో దీపంతో నిద్రలో నడిచి వస్తుంది. దీపం ఎప్పుడూ పక్కనే ఉండాలని ఆమె ఆజ్ఞ. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. దీపం పెట్టి చేతులు రుద్దుకోవడం మొదలుపెడుతుంది. ఒక్కోసారి పావుగంట అలాగే రుద్దుకుంటుందని పరిచారిక చెబుతుంది. అంతకుముందు ఛందస్సులో దర్జాగా మాట్లాడిన మనిషి ఇప్పుడు వచనంలో, ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంది. ఆ ముసలాయనలో అంత నెత్తురుంటుందని ఎవరనుకున్నారు అంటుంది. ఫైఫ్ ప్రభువుకు ఒక భార్య ఉండేది, ఆమె ఇప్పుడెక్కడ అని అడుగుతుంది. ఫైఫ్ ప్రభువంటే మక్‌డఫ్. ఆ హత్యలో ఈమె చెయ్యి ఉన్నట్టు నాటకంలో ఎక్కడా లేదు. అయినా ఆ నెత్తురు కూడా ఆమె చేతికే అంటుకుంది.

మరి అతను? మొదటి రాత్రి ‘ఆమెన్’ అనబోతే గొంతులో ఇరుక్కుంది. విందులో బాంకో దయ్యాన్ని చూసి వణికాడు. ఆ రాత్రే, నెత్తుటిలో ఇంత దూరం నడిచాక వెనక్కి తిరగడమూ అంతే కష్టమని లెక్క వేసుకున్నాడు. చివరికి ఆడవాళ్ల ఏడుపు వినబడితే, భయం రుచి దాదాపు మర్చిపోయానంటాడు. అది భార్య చనిపోయినందుకు ఏడుపు. ఆమెలో అపరాధభావం పెరిగి ప్రాణం తీసింది, అతనిలో ఎండిపోయింది. పోస్టు దీన్ని సరిగ్గా తలకిందులు చేసింది.

నిజంగా జరిగిన కథ అన్నదానికి రెండు మాటలు చాలు. అసలు డంకన్ 1040లో యుద్ధంలో చనిపోయాడు, అతిథిగా మంచం మీద కాదు. అసలు మాక్‌బెత్ 1057 దాకా ఏలాడు.

ఆమెను ‘రాక్షసి లాంటి రాణి’ అన్నది నాటకం చివర్లో, గెలిచిన మాల్కమ్. ఆమె నిద్రలో నడిచిన రాత్రి అతను అక్కడ లేడు. ఉన్నవాడు వైద్యుడు. దేవుడు మనందర్నీ క్షమించాలి అని, పరిచారికతో చెప్పి వెళ్తాడు: ఆమె తనకు తాను హాని చేసుకునే వస్తువులేవీ దగ్గర ఉంచకు, ఆమెను కనిపెట్టుకుని ఉండు.