ఇంటి సంరక్షణ: లెక్క తేలేది రాత్రిపూట

తుంటి ఎముక విరిగో పక్షవాతం వచ్చో నెల్లూరు పొగతోట ఆసుపత్రుల్లో చేరిన పెద్దవాళ్లను డిశ్చార్జి చేసే రోజున బంధువుల మధ్య నడిచే చర్చ దాదాపు ఒక్కటే. ఇంటికి తీసుకెళ్లి మనిషిని పెట్టుకుందామా, పెద్దవాళ్లను చూసుకునే హోమ్‌లో చేర్పిద్దామా? స్నానం ఎవరు చేయిస్తారు, మాత్రలు ఎవరిస్తారు అన్నవి తేలగానే అంతా కుదిరినట్టే అనుకుంటారు. ఇంటి సంరక్షణ ఆ పెద్దవారికి సరిపడుతుందా, ఖర్చు తట్టుకోగలమా అన్న రెండు ప్రశ్నలకూ జవాబు మాత్రం రాత్రి ఎవరుంటారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

కందుకూరు దగ్గరి పల్లెలో మా పెద్దమ్మ విషయంలో దీన్ని దగ్గరుండి చూశాను. ఆమెకు కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉండేలా ఏజెన్సీ ద్వారా ఒకామెను కుదిర్చాడు. పని తెలిసిన మనిషే. మంచాన పడ్డవాళ్లను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఆమె వెళ్లిన తర్వాత తెల్లవారేలోగా ఆ పని అయిదారుసార్లు చేయాల్సింది 78 ఏళ్ల పెదనాన్న. మూడోవారంలో నడుము దగ్గర చర్మం ఎర్రబారిందని ఆ అమ్మాయే కనిపెట్టి చూపించింది. పెదనాన్నను ఎవరూ ఏమీ అనలేదు, అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఇక డబ్బు సంగతి. లెక్క కోసం 12 గంటల షిఫ్టుకు 800 రూపాయలు అనుకుందాం. పగటికి మాత్రమే అయితే నెలకు 24,000, రాత్రికి కూడా పెడితే 48,000. డైపర్లు, గాలి పరుపు, ఫిజియోథెరపీ, వచ్చినవాళ్ల భోజనం దీనికి అదనం. ఇంట్లోనే ఉండే ‘24 గంటల మనిషి’ని తక్కువకు మాట్లాడుకునేవారు ఉంటారు గానీ, పగలంతా చాకిరీ చేసిన మనిషి రాత్రి నిద్రపోకుండా ఎలా ఉంటుంది? ఇంట్లో చూసుకోవడం చవక అని ధీమాగా చెప్పే కుటుంబాల్లో చాలాచోట్ల ఆ రాత్రి షిఫ్టు కోడలిదో కూతురిదో అయి ఉంటుంది. ఆమె ఉద్యోగం మానేసినా ఆ జీతాన్ని ఎవరూ ఖర్చు కింద రాయరు. ఆ పద్దు కూడా కలిపితే, పూర్తిగా మంచాన పడ్డవారికి మంచి హోమ్ ఖరీదు ఎక్కువేమీ అనిపించదు.

ప్రభుత్వ సాయం ఇక్కడ కొంతవరకే ఆదుకుంటుంది. 70 ఏళ్లు నిండినవారికి 2024 అక్టోబరు నుంచి వర్తిస్తున్న ఆయుష్మాన్ భారత్ 5 లక్షల రక్షణ ఆసుపత్రి చికిత్స కోసం ఉద్దేశించినది. ఇంట్లో నెలల తరబడి ఉండే ఆయా జీతం అందులో రాదు. తీవ్ర పక్షవాతంతో మంచానికి పరిమితమైనవారికి రాష్ట్రం ఇచ్చే 15,000 రూపాయల పెన్షన్ నిజంగా పెద్ద ఊరట, అయినా పై లెక్కలో అది 19 షిఫ్టులకు కూడా చాలదు. పిల్లలు పట్టించుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఆ చట్టం పెట్టిన గరిష్ఠ భరణం నెలకు 10,000.

అలాగని ఇంటి సంరక్షణ దండగ అనడం నా ఉద్దేశం కాదు. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లతో మోకాళ్లు, వెన్ను బిగుసుకుపోయిన పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకు తెలివి, జ్ఞాపకం బాగానే ఉంటాయి. ఉదయం రెండు మూడు గంటలు చెయ్యందించే మనిషి ఉంటే చాలు. అలాంటివారిని అరుగు మీది నుంచి లేపి వేరే ఊళ్లో గదిలో కూర్చోబెట్టడం అన్యాయం, ఖర్చు కూడా. వాళ్లకు అసలు ప్రమాదం పెరటి చివర ఉండే మరుగుదొడ్డి. చీకట్లో అక్కడికి నడిచి పడిపోతారు. మంచం పక్కన ఒక కమోడ్ కుర్చీ, గోడకు పట్టుకునే కడ్డీ పెట్టిస్తే సగం భయం తీరుతుంది, అది కొద్దిరోజుల షిఫ్టుల ఖర్చుతో అయ్యే పని. మతిమరుపు ముదిరి రాత్రిళ్లు గడప దాటి వెళ్లిపోయేవారిని, ముక్కుగొట్టంతో ఉన్నవారిని ఈ కోవలో చేర్చలేం. దూరాన ఉన్న పిల్లలు సీసీ కెమెరాలు పెట్టించి నిశ్చింతగా ఉంటున్నారు. కెమెరా ఎవరినీ పక్కకు తిప్పదు.

మా పెద్దమ్మకు చివరికి చేసిందల్లా షిఫ్టు మార్చడమే. పగలు పెదనాన్న, పక్కింటివాళ్లు, వచ్చేపోయే జనం ఎలాగూ ఉంటారు గనక జీతం మనిషిని రాత్రికి పెట్టుకున్నారు. షిఫ్టుకు వంద రూపాయలు ఎక్కువ అడిగితే కొడుకు చాలాసేపు బేరమాడాడు. రొట్టెల పండుగకు ఆమె నెల్లూరు వెళ్లిన మూడు రాత్రులు తనే బెంగళూరు నుంచి వచ్చి, అలారం పెట్టుకుని లేచి తల్లిని పక్కకు తిప్పాడు. నాలుగో రోజు ఉదయం ఏజెన్సీకి ఫోన్ చేసి ఆ వంద ఇస్తానని తనే చెప్పాడు.