ముందు బిల్లు, తర్వాత ప్రశ్న

(కూకట్‌పల్లిలో ఓ అపార్ట్‌మెంట్, ఆదివారం సాయంత్రం. విశ్వనాథం బ్యాంకులో రిటైరయ్యారు, కామేశ్వరి లెక్కల టీచరుగా. కాబట్టి ఆ ఇంట్లో ఇద్దరూ చెప్పేవాళ్ళే, వినేవాళ్ళు లేరు.)

విశ్వనాథం: కామేశ్వరీ! 43 మంది జవాబిచ్చారే!

కామేశ్వరి: దేనికి?

విశ్వనాథం: ఫేస్‌బుక్‌లో అడిగాను. "మిత్రులారా, ఇంటికి తాగేనీళ్ళ ఫిల్టర్‌గా లవణాలు తీసే ఆర్వో మంచిదా, కాంతితో క్రిములు చంపే యూవీ మంచిదా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు" అని.

కామేశ్వరి: సింకు పైన గోడ మీద పెన్సిల్‌తో నాలుగు చుక్కలున్నాయి. ఎవరు పెట్టారు?

విశ్వనాథం: అవా... స్క్రూల కొలతలు. ఒకవేళ ఆర్వో కొంటే ఉంటాయని...

కామేశ్వరి: ఒకవేళా? మీ చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో బిల్లు దొరికింది. శుక్రవారం తేదీ వేసి ఉంది. ఆర్వో, 16,500. బిగించడానికి రేపు వస్తున్నారట.

విశ్వనాథం: అందుకేగా అడిగింది! బిగించేలోపు నలుగురి మాటా విందామని.

కామేశ్వరి: విన్నారా?

విశ్వనాథం: ఎందుకు వినలేదు? ఆర్వో అన్న ప్రతివాడికీ లవ్ సింబల్ కొట్టాను.

కామేశ్వరి: యూవీ చాలన్నవాళ్ళకి?

విశ్వనాథం: వాళ్ళకి అనుభవం లేదు.

కామేశ్వరి: ఇటివ్వండి ఫోను. పాపం, ఈయన "కుళాయిలో మంజీరా నది నీళ్ళు వచ్చేవాళ్ళకి ఆర్వో అక్కర్లేదండీ" అని ఎంత మర్యాదగా రాశాడు! మీరేమో "తమరు ఏ కంపెనీ ఏజెంటు?" అన్నారు. మూడు ముళ్ళూ వేసొచ్చి, పిల్ల ఎలా ఉందని ఊళ్ళో వాకబు చేసినట్టుంది మీ వ్యవహారం.

విశ్వనాథం: మన పెళ్ళప్పుడు ఫేస్‌బుక్ ఉంటే అదీ అడిగేవాణ్ణి.

కామేశ్వరి: ఏమని చెప్పేవాళ్ళో!

విశ్వనాథం: ఏం చెప్పినా అందరికీ లవ్ కొట్టేవాణ్ణి.

కామేశ్వరి: ...సరే, అది పక్కన పెట్టండి.

విశ్వనాథం: అయినా నువ్వు మాత్రం తక్కువా? రోజూ పొద్దున్నే "ఏం కూర చెయ్యమంటారు?" అంటావు. అప్పటికే వంకాయలు నాలుగు పక్షాలుగా చీలి, ఉప్పునీళ్ళలో తేలుతూ ఉంటాయి.

కామేశ్వరి: నేను అడిగేది మిమ్మల్ని ఒక్కరినే. బెండకాయ అన్నందుకు మిమ్మల్నేమైనా ఏజెంటు అన్నానా? ఇంతకీ ఆర్వోయే కావాలని మీకెందుకనిపించింది?

విశ్వనాథం: కళ్ళారా చూశానే! షాపులో కుర్రాడు రెండు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో కుళాయి నీళ్ళు, ఒకదాంట్లో ఆర్వో నీళ్ళు. రెండింట్లోనూ కమ్మీలు దించి కరెంటు పెట్టాడు. రెండు నిమిషాల్లో మన కుళాయి నీళ్ళు గోధుమరంగు తిరిగి, పైన తెట్టు కట్టిందనుకో! ఇన్నేళ్ళూ ఇదా తాగామని కడుపులో దేవింది.

కామేశ్వరి: ఆ కమ్మీ దేంతో చేశారు?

విశ్వనాథం: ఇనుము... అనుకుంటా.

కామేశ్వరి: మరి ఆ రంగు ఆ ఇనుముదే. నీళ్ళలో లవణాలుంటే కరెంటు పారుతుంది, కమ్మీ కరిగి తుప్పు తేలుతుంది. ఆర్వో నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు, అందుకే ఏమీ కాదు. అందులో చిటికెడు ఉప్పు వెయ్యమనాల్సింది, అదీ ఎర్రబడేది.

విశ్వనాథం: ఇవన్నీ షాపులో గుర్తొస్తాయా?

కామేశ్వరి: పక్క ఫ్లాట్‌ వాళ్ళనడిగి టీడీఎస్ మీటర్ తెచ్చాను. లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చెబుతుంది. చూడండి.

(పెన్నులాంటి మీటర్ గ్లాసులో ముంచింది. అంకెలు కాసేపు ఊగి 214 దగ్గర ఆగాయి.)

కామేశ్వరి: తాగేనీళ్ళకి మన దేశ ప్రమాణం ప్రకారం 500 వరకు బాగున్నట్టే. ఆ లోపు ఉన్నచోట ఆర్వోలు నిషేధించమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పర్యావరణ శాఖకి చెప్పింది కూడా. పైగా లీటరు మంచినీళ్ళకి రెండు మూడు లీటర్లు సింకులోకి పోతాయి. క్రిములు చంపడానికైతే యూవీ చాలు.

విశ్వనాథం: ఆగాగు. ఎండాకాలం మంజీరా రాక ట్యాంకర్ తెప్పిస్తాంగా? అది బోరు నీళ్ళు. ఆ మీటర్ అందులో పెట్టు, 900 చూపిస్తుంది!

కామేశ్వరి: అదీ ప్రశ్నంటే! "పది నెలలు మంజీరా, రెండు నెలలు ట్యాంకర్, ఏం చెయ్యాలి?" అని ఫేస్‌బుక్‌లో అడిగారా?

విశ్వనాథం: లేదు.

కామేశ్వరి: ఎందుకని?

విశ్వనాథం: అలా అడిగితే ఎవడో ఒకడు, "ఆ రెండు నెలలూ క్యాన్ తెప్పించుకోండి, 16 వేలు దేనికి?" అనేస్తాడు.

కామేశ్వరి: హమ్మయ్య, నిజం బయటికొచ్చింది. ఇప్పుడో ఆట. రెండు, నాలుగు, ఆరు. ఈ మూడంకెలూ నా మనసులో ఉన్న ఓ రూలు ప్రకారం ఉన్నాయి. మీరూ మూడేసి అంకెలు చెప్పండి, రూలుకి సరిపోతే అవునంటాను.

విశ్వనాథం: ఎనిమిది, పది, పన్నెండు.

కామేశ్వరి: అవును.

విశ్వనాథం: నూరు, నూట రెండు, నూట నాలుగు.

కామేశ్వరి: అవును.

విశ్వనాథం: అయిపోయింది. రెండేసి పెరిగే సరిసంఖ్యలు. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో చేశానమ్మా!

కామేశ్వరి: కాదు. ఒకదాని కంటే ఒకటి పెద్దదైతే చాలు, అంతే రూలు. ఒకటి, ఏడు, తొంభై అన్నా అవుననేదాన్ని. మీరు "అవును" వచ్చేవే అడిగారు. "కాదు" రావచ్చనిపించేది ఒక్కటీ అడగలేదు. 1960లో వాసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త లండన్‌లో 29 మంది విద్యార్థులతో ఈ ఆట ఆడిస్తే, మొదటిమాటకే రూలు సరిగ్గా చెప్పినవాళ్ళు 6 మందే.

విశ్వనాథం: అంటే 23 మంది నా బాపతే. చూశావా, మెజారిటీ!

కామేశ్వరి: దానికీ లవ్ కొట్టండి.

విశ్వనాథం: అది కాదే. డబ్బు కట్టేసి ఇంటికొచ్చాక రాత్రి నిద్ర పట్టలేదు. నీకు చెబుదామంటే భయం. ముక్కూ మొహం తెలీనివాడెవడైనా "మంచి పని చేశారు సార్" అంటే కొంచెం ధైర్యంగా ఉంటుందని...

కామేశ్వరి: (గొంతు తగ్గించి) ఆ ముక్క నన్నే అడగొచ్చుగా.

విశ్వనాథం: నువ్వు మీటర్ తెస్తావు.

కామేశ్వరి: తెస్తాను మరి. ఇప్పుడైనా "కాదు" వచ్చేలా అడగండి. "ఆర్వో వద్దనడానికి కారణాలు చెప్పండి" అని రాయండి. పనికొచ్చేవి వస్తే రేపు వెనక్కి తీసుకోమందాం.

(విశ్వనాథం ఒంటి వేలితో టైపు చేశారు. పది నిమిషాలయింది.)

విశ్వనాథం: వచ్చాయి. మొదటాయన, "శుభ సాయంత్రం సార్."

కామేశ్వరి: తర్వాత?

విశ్వనాథం: "తప్పకుండా తీసుకోండి, చాలా మంచిది." ఈయన ప్రశ్న చదవలేదు. ఇంకొకాయన ఫిల్టర్లు అమ్ముతాడట, ఫోన్ నంబరు పెట్టాడు. ఇంకొకావిడ, "మా మామగారు బావినీళ్ళే తాగారు, తొంభై ఏళ్ళు బతికారు."

కామేశ్వరి: అంతేనా?

విశ్వనాథం: ఇంకొకటుంది. "ముందు మీరేం అనుకుంటున్నారో చెప్పండి సార్, దాన్నిబట్టి నేను చెప్తాను." దీనికి లవ్ కొట్టనా?

కామేశ్వరి: కొట్టండి. మొదట్నుంచీ మీ ప్రశ్న అర్థమైంది ఆయనొక్కడికే.