ఉఫ్ శాస్త్రం

జిరాక్స్ మిషన్లో, లేజర్ ప్రింటర్లో సిరాకి బదులు వాడే టోనర్ పొడి జాగ్రత్తల మీద కంపెనీలు ఎన్ని పేజీలు అచ్చేసినా మన జిరాక్స్ షాపు శాస్త్రం ముందు దిగదుడుపే. ఆ శాస్త్రానికి సూత్రం ఒక్కటే: ఉఫ్.

రీఫిల్‌కొచ్చిన 12ఏ క్యాట్రిడ్జ్‌నే, అంటే ప్రింటర్లో ఆ పొడి ఉండే డబ్బానే చూడండి. పిన్నులు లాగి రెండుగా విడదీస్తారు. వేస్ట్ పొడిని ఫుట్‌పాత్ మీద దులుపుతారు, అంటే ప్రజలకు పంచుతారు. డ్రమ్ము మీద ఉఫ్, బ్లేడు సందులో ఉఫ్. ఊదినవాడు మళ్లీ పీల్చక తప్పదు. రేణువు 5 నుంచి 10 మైక్రాన్లు, వెంట్రుక మందంలో పదో వంతు. అందుకే అది ఓ పట్టాన కింద పడదు. ఆ పైన 100 గ్రాముల కొత్త పొడి గరాటులో పోస్తారు. సాయంత్రం చీదితే రుమాలు మీద టెస్ట్ ప్రింట్ వచ్చేస్తుంది. డెన్సిటీ కూడా బాగానే ఉంటుంది.

న్యాయంగా చెప్పాలంటే ఇది విషం కాదు. ప్లాస్టిక్ రెజిన్, కార్బన్ బ్లాక్, కాస్త మైనం, సిలికా. కొన్ని నల్ల పొడుల్లో ఐరన్ ఆక్సైడ్. కార్బన్ బ్లాక్‌ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అనుమానితుల జాబితాలో, 2బి గుంపులో పెట్టిన మాట నిజమే. టోనర్‌లో మాత్రం అది రెజిన్‌లో కూరుకుపోయి ఉంటుంది. ఒకసారి చేతికంటితే బెంబేలు పడక్కర్లేదు. కిటికీ లేని గదిలో, మాస్కు లేని ముక్కుతో, ఏళ్ల తరబడి ఊదడమే దగ్గుకూ ఆయాసానికీ పిలుపు.

ఇక ఆధునికులు ఇంటి వాక్యూమ్ క్లీనర్ తెస్తారు. దాని ఫిల్టర్ ఇంత సన్న పొడిని పట్టలేదు, వెనక నుంచి గదిలోకే వదులుతుంది. లోపల మోటారు బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు, గొట్టంలో స్టాటిక్ కరెంటు. వీధినాటకంలో కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే ఏమవుతుందో తెలుసుగా? గుగ్గిలం ముద్ద నిదానంగా కాలుతుంది, పొడి భగ్గుమంటుంది. గుగ్గిలంలాగే టోనరూ రెజినే. అసలీ జిరాక్స్ విద్య పుట్టుకే అలాంటిది: 1938లో దాన్ని కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ తొలి కాపీకి వాడిన లైకోపోడియం, రంగస్థలం మీద మంటల మెరుపులకు వాడే పొడే.

చొక్కా మీద పడితే వేడినీళ్లు పోయడం మరో సంప్రదాయం. రెజిన్ 60 డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడి నూలులో పాతుకుపోతుంది. పొడిని వేడితో కాగితానికి అతికించే ప్రింటర్ ఫ్యూజర్ చేసే పనే ఇది, కరెంటు ఖర్చు లేకుండా. బయట దులిపి చన్నీళ్లతో ఉతకడం, చిందిన పొడిని తడిగుడ్డతో ఒత్తి తీయడం, కంట్లో పడితే నలపకుండా చన్నీళ్లతో కడగడం లాంటివి చేసేవాళ్లూ ఉన్నారు, పాపం. మరీ చాదస్తులైతే ఎన్95 మాస్కు, టోనర్ కోసమే చేసిన వాక్యూమ్ కొంటారు. నిప్పంటుకుంటే ప్లగ్గు పీకి, పొడి లేవకుండా దూరం నుంచి సన్నగా నీళ్లు చల్లుతారు.

వీటన్నిటికంటే ముందు ఫ్యాన్ ఆపాలట. మే నెలలో!