హైదరాబాదు దర్శనంపై ఒక శ్వేతపత్రం

నాలుగేళ్ళ పిల్లను వెంటబెట్టుకుని మహానగరం చూడబోయే కుటుంబాలకు ఈ దేశంలో మార్గదర్శక సూత్రాలంటూ ఏవీ లేకపోవడం పరిపాలనాపరంగా పెద్ద లోపమని నేను చాలాకాలంగా భావిస్తున్నాను. ఆనకట్ట కట్టాలంటే సర్వే ఉంటుంది, పెళ్ళి చేయాలంటే ముహూర్తం ఉంటుంది, చివరికి ఆవకాయ పెట్టాలన్నా కారానికీ ఉప్పుకీ ఆవపిండికీ తరతరాల కొలతలు ఉంటాయి. రాజమహేంద్రవరంలో రైలెక్కి నాలుగు రోజుల్లో హైదరాబాదు మొత్తం చూసి రావాలనుకునే గృహస్థుకు మాత్రం బంధువుల సలహాలు తప్ప వేరే దిక్కు లేదు. ఆ లోటు తీర్చే ఉద్దేశంతో, ఈమధ్య మా కుటుంబం అమలు చేసిన దర్శన ప్రణాళిక వివరాలను ప్రజాప్రయోజనార్థం ఇక్కడ దాఖలు చేస్తున్నాను.

ప్రణాళికా సంఘం మా భోజనాల బల్ల దగ్గర వరుసగా మూడు ఆదివారాలు సమావేశమైంది. అధ్యక్షత నాది. కార్యదర్శి మా ఆవిడ. అసలు అధికారం కార్యదర్శి చేతిలోనే ఉంటుందన్న సంప్రదాయాన్ని మేమూ పాటించాం. కూకట్‌పల్లిలో ఉంటున్న మా బావమరిది ఫోనులో హాజరై, పన్నెండేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటున్నా తాను గోల్కొండ ఒక్కసారి కూడా ఎక్కలేదని ఒప్పుకుని, ఆ అర్హతమీదనే స్థానిక నిపుణుడిగా నియమితుడయ్యాడు. మా అమ్మ పెట్టుకున్నది ఒకే ఒక్క విన్నపం: గోల్కొండలో రామదాసు బందిఖానా చూడాలి. దాన్ని నమోదు చేసుకుని, పట్టికలో 'వీలైతే' అన్న గడిలో వేశాం.

మొదటి చిక్కు వారాల దగ్గర వచ్చింది. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. జూకి సోమవారం సెలవు. మేము దిగేది శుక్రవారం, తిరుగు రైలు సోమవారం రాత్రి. అంటే ఆ రెండూ శని, ఆదివారాల్లోనే చూడాలి. సరిగ్గా ఇదే లెక్క వేసుకుని తక్కిన రాష్ట్రం కూడా ఆ రెండు రోజుల్లోనే వస్తుందన్న సంగతిని స్థానిక నిపుణుడు మాకు సోమవారం సాయంత్రం తెలియజేశాడు.

రెండో చిక్కు ఇప్పటికీ నన్ను ఆలోచనలో పడేస్తుంది. ఉదయం ఆరున్నర మొదలు రాత్రి తొమ్మిది దాకా ప్రతి అరగంటకూ ఒక గడి గీసి, రంగులు వేసి, ఎవరు ఏ సంచి మోయాలో కూడా రాసుకున్న ఆ పట్టికలో మా అమ్మాయి పేరు ఎక్కడ ఉందా అని బయలుదేరే రోజు సాయంత్రం వెతికితే, 'వెంట ఉండవలసినవి' అన్న శీర్షిక కింద, మజ్జిగ సీసాకీ తడిగుడ్డల పొట్లానికీ మధ్య దొరికింది. ఈ యాత్ర ఎవరి కోసమని అడిగిన ప్రతివాళ్ళకూ 'పిల్ల కోసమండీ' అని జవాబు చెబుతూనే, మేము పిల్లను సామానులో లెక్క వేశాం. దీన్ని ఎవరి తప్పుగానూ నేను చూడటం లేదు. పిల్లల కోసం ఊళ్ళు చూపించే పెద్దలందరి పట్టికలూ తెప్పించి చూస్తే పిల్లల పేర్లు ఆ శీర్షిక కిందే ఉంటాయని నా నమ్మకం.

రైల్వేవారిది మాత్రం ఈ విషయంలో స్పష్టమైన విధానం. ఐదేళ్ళు నిండని పిల్లకు టికెట్టు అక్కర్లేదు, కాబట్టి బెర్తూ ఉండదు. ఆ రాత్రి టికెట్టు లేని ప్రయాణికురాలు నా బెర్తు మీద ఈ మూలనుంచి ఆ మూలకు అడ్డంగా పడుకోగా, టికెట్టు కొన్న ప్రయాణికుడు ఖాజీపేట దాకా అంచున ఒరిగి, ఆ తరవాత లేచి కూర్చుని, రెండోసారి పట్టిక చదువుకున్నాడు.

చార్మినార్ సంగతి క్లుప్తంగా ముగిస్తాను. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో కట్టించిన ఆ కట్టడం ముందు కుటుంబ సమేతంగా ఒక ఫోటో దిగడానికి మేము కేటాయించిన సమయం పది నిమిషాలు, పట్టినది యాభై. అన్ని ఫోటోల్లోనూ నాలుగు మినార్లూ పడ్డాయి; ఒక్కదానిలోనూ పిల్ల ముఖం పడలేదు. అది ఎటు చూస్తోందో తెలుసుకుందామని నేనూ గొంతుక్కూర్చుని దాని కళ్ళ ఎత్తునుంచి చూశాను. మూడడుగుల ఎత్తునుంచి చార్మినార్ కనబడదు. మోకాళ్ళు కనబడతాయి, చీరల కుచ్చెళ్ళు కనబడతాయి, క్యారీ బ్యాగులు ముఖానికి కొట్టుకుంటాయి. గాజుల బండి కింద, రెండు చక్రాల మధ్య, గోనెపట్టా మీద ఒక పిల్లి మాత్రం సర్వాంగసుందరంగా కనబడుతుంది. పర్యాటక పుస్తకాలు రాసేవారు ఇకముందు ప్రతి అధ్యాయంలోనూ ఏ ఎత్తునుంచి చూడాలో కూడా సూచిస్తే బాగుంటుందని నా మనవి.

శనివారం సాలార్‌జంగ్ మ్యూజియం. ఇక్కడ మా ప్రణాళికకు కేంద్రబిందువు అక్కడి పాటల గడియారం. ప్రతి గంటకూ అందులోంచి ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి, ఎంత సమయమైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతుంది. ఎక్కువ దెబ్బలు వినాలంటే పన్నెండింటికే వెళ్ళాలని తర్కించి, పదకొండున్నరకే జనంలో ముందు వరుస సంపాదించాం. పదకొండు గంటల యాభై ఏడు నిమిషాలకు, నాలుగైదు వందల మంది ఊపిరి బిగబట్టి చూస్తున్న ఆ ఘట్టంలో, మా అమ్మాయి 'నాన్నా, ఒంటికి' అంది. పిల్లలున్న ఇంట్లో ఈ రెండు మాటలకు వాయిదా అనేది లేదు. మేము జనాన్ని చీల్చుకుని వెళ్ళి, వరుసలో నిలబడి, పని ముగించుకుని వచ్చేసరికి బొమ్మ పన్నెండు దెబ్బలూ కొట్టి లోపలికి పోయింది, జనం చెదిరిపోయారు. పన్నెండింటికి ఒంటికి వెళ్ళినవాడికి ఒంటిగంటే గతి. మరో గంటసేపు కూర్చుని, ఒకే ఒక్క దెబ్బ విన్నాం. దాన్ని కూడా మా అమ్మాయి వినలేదు. క్షణక్షణమూ సుత్తి వేస్తూ ఉండే ఇంకో బొమ్మ, కమ్మరి, అదే గడియారంలో ఉన్నాడు, అతను ఎప్పుడు అన్నానికి వెళతాడో చూడటంలో మునిగి ఉంది.

మేలిముసుగు రెబెకా విగ్రహం దగ్గర కూడా కొంత ఇబ్బంది జరిగింది. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కగా మొదటి సాలార్‌జంగ్ 1876లో కొని తెచ్చిన ఆ పాలరాతి బొమ్మ ముఖం మీది పలుచని ముసుగు కూడా రాయే. ఆ నైపుణ్యానికి పెద్దలంతా ముగ్ధులవుతున్న చోట మా అమ్మాయి, 'ఆవిడకి ఊపిరాడదు, తియ్యమను' అని గట్టిగా అడిగింది. నూట యాభై ఏళ్ళ ప్రశంసల్లో ఈ ఆచరణాత్మక ఇబ్బందిని ఎవరైనా ప్రస్తావించారేమో కళావిమర్శకులే చెప్పాలి.

ఆదివారం నాటి జూ గురించి చెప్పడానికి అట్టే లేదు. 1963లో జనానికి తెరిచిన ఆ ప్రాంగణం 380 ఎకరాలు. అందులో మేము చూసినది ఒక సింహం. అది నిద్రపోతోంది. మా ఆవిడ అవకాశాన్ని వినియోగించుకుని, 'చూశావా, సింహం కూడా మధ్యాహ్నం బుద్ధిగా పడుకుంది' అంది. పిల్ల ఈ వాదనను అంగీకరించి, అది లేచేదాకా ఎవరూ మాట్లాడకూడదని వేలు పెదవి మీద పెట్టి శాసించింది. గంటా పావు చూశాం. లేవలేదు.

ఇక సోమవారం, గోల్కొండ. కింద ఫతే దర్వాజా దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే, సుమారు కిలోమీటరు దూరంలో, కొండ మీది బాలా హిస్సార్ దగ్గర ఆ చప్పుడు వినిపించేలా కట్టారు. శత్రువు వస్తే పైవాళ్ళకు తెలియాలని ఏర్పాటు. గైడు రెండు చేతులూ పైకెత్తి ఒకసారి కొట్టి చూపించాడు. మా అమ్మాయి కొట్టింది. కొట్టి, పైకి చూస్తూ నిలబడింది. మళ్ళీ కొట్టింది. 'ఎవరూ పలకరేం?' అంది. పైన ఉన్నవాళ్ళకు మన చప్పుడు వినబడుతుందే తప్ప వాళ్ళ జవాబు మనకు వినబడదని నేను ధ్వనిశాస్త్రం వివరించాను. వినబడిందని చెప్పకపోతే వినబడినట్టు ఎలా తెలుస్తుందని దాని ప్రశ్న. నాకు జవాబు తోచలేదు. ఔరంగజేబు సేన 1687లో ఈ కోట బయట ఎనిమిది నెలలు పడిగాపులు పడి, చివరికి ఈ ద్వారం గుండానే లోపలికి వెళ్ళిందట. ఏనుగులు గుద్దకుండా తలుపుకు కొట్టిన ఇనుప మేకులను లెక్కపెడుతూ అదే ద్వారం దగ్గర నేను ఆ సేనతో కొంత సానుభూతి చెందాను.

చివరికి అత్యవసర తీర్మానం చేసి, స్థానిక నిపుణుణ్ణి పైకి పంపించాం. మూడువందల అరవై మెట్లని వాడుకలో చెప్పే ఆ కొండను ఆయన జీవితంలో మొదటిసారి, జేబులో ఫోనుతో, ఎక్కడం మొదలుపెట్టాడు. తోడు దొరికింది కదా అని మా అమ్మ కూడా కొంగు దోపుకుని వెనకాలే వెళ్ళింది. నలభై నిమిషాల తరవాత నా ఫోను మోగింది. 'కొట్టమను బావా.' పిల్ల కొట్టింది. 'వినపడింది' అన్నాడు ఆయాసపడుతూ. ఫోను దాని చెవి దగ్గర పెట్టాను. 'ఇంకోసారి కొడతాను, ఉండు మావయ్యా' అంది. పద్నాలుగుసార్లు కొట్టింది, పద్నాలుగుసార్లూ వినపడింది. ఆయన నిజంగా బాలా హిస్సార్ దాకా ఎక్కాడో, మధ్యలో మెట్టుమీద కూర్చుని అన్నాడో నేను విచారణ జరపలేదు. మేము ద్వారం దాటలేదు. మా అమ్మ మాత్రం బందిఖానా చూసి, గోడ మీది రాముడికి దణ్ణం పెట్టుకుని, గడ్డానికి పట్టిన చెమట తుడుచుకుంటూ దిగివచ్చింది. నాలుగు రోజుల పట్టికలో పూర్తిగా నెరవేరిన అంశం అదొక్కటే, అదీ 'వీలైతే' గడిలోనిది.

ఇంటికి వచ్చాక ఎదురింటావిడ హైదరాబాదులో ఏం చూశావని అడిగితే, పిల్లి ఉందనీ, సింహం ఇంకా లేవలేదనీ మా అమ్మాయి చెప్పింది. చప్పట్ల అలవాటు మాత్రం మిగిలింది. సాయంత్రం బడినుంచి రాగానే గేటు దగ్గర నిలబడి, రెండు చేతులూ పైకెత్తి ఒకసారి కొట్టి, మేడవైపు చూస్తుంది. మొదట్లో నేను వరండాలోంచే 'వినపడిందమ్మా' అని కేకవేసేవాణ్ణి. అది చెల్లదట. నిన్న సాయంత్రం చప్పుడు వినగానే మేడ ఎక్కి, గేటు దగ్గర పుస్తకాల సంచితో నిలబడి ఉన్న మా ఆవిడకు ఫోను చేసి, 'వినపడింది' అని చెప్పాను. ఆవిడ ఫోను పిల్ల చెవికి ఆనించింది. 'ఉండు నాన్నా, ఇంకోసారి కొడతాను' అని వినిపించింది, అటు ఫోనులోనూ, ఇటు గేటు దగ్గరా.