గ్రీన్ పేరు ఎందుకు ఎత్తరు?

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మీద ఏ వీడియో చూసినా, ఏ పోస్ట్ చదివినా అదే వరస. 1775లో లెక్సింగ్టన్‌లో కాల్పులు, 1776 క్రిస్మస్ రాత్రి వాషింగ్టన్ డెలావేర్ నది దాటడం, 1777లో సారటోగా, ఫ్రాన్స్ సాయం, 1781లో యార్క్‌టౌన్. అయిపోయింది! సారటోగాకీ యార్క్‌టౌన్‌కీ మధ్య నాలుగేళ్లున్నాయి కదా, అప్పుడేం జరిగింది? బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ అంతటివాడు వర్జీనియా తీరంలో ఎందుకు ఇరుక్కున్నాడు? ఆ ఊసే ఉండదు. నాకు కోపం వచ్చేది అక్కడే. నా దృష్టిలో యుద్ధం మలుపు తిరిగింది ఆ ఖాళీలోనే, దక్షిణాదిన కరోలినాల బురద దారుల్లో, నథానియెల్ గ్రీన్ అనే అమెరికన్ సేనాని చేతుల్లో.

సారటోగాని తక్కువ చేయడం లేదు. అక్కడ బ్రిటిష్ సేనాని బర్గోయిన్ దాదాపు 6 వేల మందితో లొంగిపోయాకే ఫ్రాన్స్ ధైర్యంగా ముందుకొచ్చింది, 1778 ఫిబ్రవరిలో ఒప్పందం మీద సంతకం పెట్టింది. మరి రెండేళ్లు తిరిగేసరికి ఏమైంది? 1780 మే 12న దక్షిణాది రేవు పట్టణం చార్ల్‌స్టన్ బ్రిటిష్ వాళ్ల చేతికి చిక్కింది. 5 వేల మందికి పైగా అమెరికన్లు ఒక్కసారిగా బందీలయ్యారు. ఆగస్టులో కామ్డెన్ దగ్గర ఇంకో అమెరికన్ సైన్యం చెల్లాచెదురైంది. దాన్ని నడిపింది సారటోగా విజేతగా పేరు మోసిన హొరేషియో గేట్స్. ఆయన గుర్రమెక్కి దాదాపు 180 మైళ్ల అవతల గానీ ఆగలేదు. ఆ అక్టోబర్‌లో కింగ్స్ మౌంటెన్ దగ్గర అమెరికా వైపు నిలిచిన కొండ ప్రాంతాల రైతులు గెలిచి కాస్త ఊపిరి పోశారు. కానీ అక్కడ రెండు వైపులా పోరాడింది ఆ నేల మనుషులే. బ్రిటన్ నుంచి వచ్చినవాడు బ్రిటిష్ పక్షాన్ని నడిపిన ఫెర్గూసన్ ఒక్కడే అనుకోవచ్చు.

డిసెంబర్‌లో ఆ దక్షిణాది సైన్యం బాధ్యత నథానియెల్ గ్రీన్ చేతికొచ్చింది. ఇనుప కొలిమి నడిపే క్వేకర్ కుటుంబం, అంటే యుద్ధమే వద్దనే క్రైస్తవ శాఖ వాళ్లు. ఒక కాలు కుంటి. యుద్ధవిద్య పుస్తకాలు చదివి నేర్చుకున్నాడు. అంతకుముందు రెండేళ్లు వాషింగ్టన్ సైన్యానికి సరుకులు, బండ్లు, మేత సమకూర్చే పని చూశాడు. అదే అతన్ని నిలబెట్టింది. వచ్చీ రాగానే నదుల్ని కొలిపించాడు. ఎక్కడ లోతు, ఎక్కడ దాటొచ్చు, పడవలు ఎక్కడ దొరుకుతాయి, అన్నీ రాయించాడు. ఉన్నదే గుప్పెడు సైన్యం, దాన్నీ రెండుగా చీల్చాడు.

అందులో ఒక భాగం డేనియల్ మోర్గన్‌ది. 1781 జనవరి 17న కౌపెన్స్ దగ్గర, తనను తరుముతూ వచ్చిన బ్రిటిష్ దళపతి టార్లటన్‌ని ఎదుర్కొన్నాడు. ముందు రాత్రి మంటల చుట్టూ కూర్చున్న ఊరి దళాల దగ్గరికి మోర్గన్ స్వయంగా వెళ్లి, రెండు మూడు సార్లు గురిచూసి కాల్చండి చాలు, తర్వాత వెనక్కి వెళ్లిపోండి అని చెప్పాడు. వాళ్లు చివరి దాకా నిలబడరని అతనికి తెలుసు. అందుకే వాళ్లు వెనక్కి తగ్గడాన్నే పథకంలో భాగం చేశాడు. పారిపోతున్నారనుకుని బ్రిటిష్ వాళ్లు వరస తప్పి పరిగెత్తుకొచ్చారు. ఎదురుగా అసలు సైన్యం సిద్ధంగా ఉంది. గంట తిరక్కుండానే టార్లటన్ తెచ్చిన దాదాపు 1,100 మందిలో ఎక్కువమంది చావడమో చిక్కడమో జరిగింది.

కారన్‌వాలిస్‌కి పట్టుదల పెరిగింది. రామ్సర్స్ మిల్ దగ్గర తన సామాన్లతో మొదలుపెట్టి గుడారాలు, బండ్లు, ఆఖరికి సైనికుల రమ్ పీపాలు కూడా తగలబెట్టించాడు, వేగంగా తరమొచ్చని. నడిచలికాలం. ముందు గ్రీన్ మనుషులు, చాలామందికి కాళ్లకి చెప్పులు కూడా లేవు, గడ్డకట్టిన నేల మీద వాళ్ల అడుగులు నెత్తుటి మరకలు. వెనక కారన్‌వాలిస్. ఫిబ్రవరి 14న గ్రీన్ ముందే పోగు చేయించిన పడవల్లో డాన్ నది దాటేశాడు. కారన్‌వాలిస్ వచ్చేసరికి ఈ ఒడ్డున పడవే లేదు. ఇన్నేళ్ల యుద్ధంలో నాకు అన్నిటికంటే పెద్ద ఘట్టం ఇదే. పెద్ద పోరాటమేమీ జరగలేదు కాబట్టి జాబితాలకు ఎక్కలేదు.

మార్చి 15న గిల్ఫర్డ్ కోర్ట్‌హౌస్. మైదానం కారన్‌వాలిస్‌కి దక్కింది, రెండు వేల లోపు మందిలో 500 మందికి పైగా చచ్చారో గాయపడ్డారో. చావుతప్పి కన్ను లొట్టపోయిన గెలుపు! ఇలాంటి విజయం ఇంకొకటి వస్తే మన సైన్యమే ఉండదని లండన్ పార్లమెంటులో ప్రతిపక్ష నాయకుడు ఫాక్స్ అన్నది దీని గురించే. తిండికీ మందులకీ కారన్‌వాలిస్ విల్మింగ్టన్ రేవుకు చేరి, అక్కడి నుంచి వర్జీనియా దారి పట్టాడు. యార్క్‌టౌన్‌కు అతన్ని తీసుకెళ్లిన దారి ఇది.

గ్రీన్ అతని వెంట పడలేదు, దక్షిణానికి తిరిగాడు. హాబ్‌కర్క్స్ హిల్‌లో ఓటమి. నైంటీ సిక్స్ కోట ముట్టడి ఫలించలేదు. సెప్టెంబర్ 8న యూటా స్ప్రింగ్స్‌లోనూ స్పష్టమైన గెలుపు లేదు. పోరాడతాం, దెబ్బ తింటాం, లేస్తాం, మళ్లీ పోరాడతాం అని అతనే ఉత్తరంలో రాశాడు. ప్రతి ఓటమి తర్వాతా వెనక్కి తగ్గింది మాత్రం బ్రిటిష్ వాళ్లే. అమెరికా వైపు గెరిల్లా నాయకులు మారియన్, సమ్టర్‌ల దళాలు దారులు కాస్తుంటే ఒక్కో కోటా ఖాళీ అవుతూ వచ్చింది. గెలుపు ఓటముల పట్టిక వేసుకుని ఈ యుద్ధాన్ని చదివితే ఇది కనపడదు.

యార్క్‌టౌన్ సంగతి అందరికీ తెలుసు కాబట్టి సాగదీయను. సెప్టెంబర్ 5న చీసపీక్ దగ్గర ఫ్రెంచ్ నౌకలు సముద్రం దారి మూసేశాయి, అక్టోబర్ 19న కారన్‌వాలిస్ సైన్యం లొంగిపోయింది.

గ్రీన్‌ని దేవుణ్ని చేయమని నేననడం లేదు. స్వేచ్ఛ కోసం అంత పోరాడినవాడు తర్వాత జార్జియాలో తనకిచ్చిన తోటలో బానిసల చేత పని చేయించాడు. అది చెప్పకుండా అతని కథ చెప్పడం తప్పు. సైన్యానికి బట్టల కోసం పడ్డ పూచీల అప్పులు మెడకు చుట్టుకుని, 1786లో 43 ఏళ్లకే పోయాడు.

కనీసం ఈ ఒక్క రోజైనా మీ వీడియోల్లో పెట్టండి: 1782 డిసెంబర్ 14. యార్క్‌టౌన్ అయి ఏడాది దాటింది. చార్ల్‌స్టన్‌లో చివరి బ్రిటిష్ దళం ఓడల వైపు నడుస్తోంది. ముందే కుదిరిన ఒప్పందం ప్రకారం రెండు వందల గజాల వెనక, ఒక్క తూటా కాల్చకుండా, గ్రీన్ మనుషులు ఊళ్లోకి వస్తున్నారు.