ఫారంలో ఉన్న రెండు ప్రశ్నలు

గోదావరి డెల్టాలో ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికైనా (పీహెచ్‌సీకైనా) ఓపీ వేళకు వెళ్లి ఓ గంట కూర్చుంటే చాలు, ఈ మాటలే వినిపిస్తాయి. "నీరసంగా ఉంటందండి", "తల దిమ్ముగా ఉంటందండి", "కాళ్లూ చేతులూ లాగేస్తున్నాయండి", "తెల్లారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తందండి". చీటీ మీద బీకాంప్లెక్సు, కాల్షియం, గ్యాస్ బిళ్ల రాసిస్తారు. బీపీ చూస్తారు, వేలు గుచ్చి షుగర్ చూస్తారు, రెండూ బాగానే ఉన్నాయని పంపించేస్తారు. నెల తిరక్కుండానే ఆ మనిషి మళ్లీ అదే వరుసలో నిలబడుతుంది. ఈ నీరసాల్లో రక్తహీనత ఉంటుంది, థైరాయిడ్ ఉంటుంది. వాటిని ముందు చూడాల్సిందే, వాటికి పరీక్షలున్నాయి. అవేవీ కానప్పుడు చాలాసార్లు బయటపడాల్సింది డిప్రెషన్, యాంగ్జైటీ. వాటిని పట్టుకోవడానికి రక్తం తీయక్కర్లేదు. రెండు ప్రశ్నలు సరిగ్గా అడిగితే దారి దొరుకుతుంది.

ఆ ప్రశ్నలు సర్కారు కాగితాల్లో లేకపోలేదు. ముప్పై ఏళ్లు దాటినవారి ఇంటికెళ్లి ఆశా కార్యకర్త జబ్బుల ముప్పు అంచనా కోసం నింపే సీబ్యాక్ ఫారంలోనే ఉన్నాయి. పొగాకు, మద్యం, నడుం కొలత, దగ్గు, పుండ్లు, ఇలాంటివన్నీ అయ్యాక వాటి వంతు వస్తుంది. గడిచిన రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి, సంతోషం లేకుండా ఎన్ని రోజులు ఉన్నారు? దిగులుగా, ఇక ఏ ఆశా లేనట్టుగా ఎన్ని రోజులు అనిపించింది? ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు దాకా మార్కులు. రెండింటి మొత్తం ఎక్కువ వస్తే పైవారికి పంపాలి. డిప్రెషన్‌ను పట్టుకోవడానికి అనేక దేశాల్లో వైద్యులు వాడే పీహెచ్‌క్యూ అనే ప్రశ్నావళిలోని తొమ్మిది ప్రశ్నల్లో మొదటి రెండూ ఇవే.

మరి అడుగుతున్నారా? వీధి అరుగు మీద, అత్తగారు వింటుండగా, పక్కింటావిడ పిట్టగోడ మీంచి చూస్తుండగా "మీకు దిగులుగా ఉంటుందా అమ్మా" అంటే ఏ కోడలైనా ఏం చెబుతుంది? "ఏం లేదండి, బాగానే ఉన్నాం" అంటుంది. సున్నా, సున్నా. తర్వాతి ఇంటికి పోవాలి. ఇందులో ఆశాను తప్పుపట్టలేం. పదివేల గౌరవ వేతనానికి గర్భిణుల నమోదు నుంచి దోమల సర్వే దాకా ఆమె మీదే పెట్టాం. పోనీ ఆ కోడలు ధైర్యం చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పిందనుకుందాం. ఆమెను ఎక్కడికి పంపాలి? పీహెచ్‌సీ డాక్టరుకు ఓపీలో ఒక్కో మనిషికి దొరికేది రెండు మూడు నిమిషాలు. మానసిక వైద్యంలో ఆయనకు ఎంబీబీఎస్‌లో నేర్పింది అంతంతే. అల్మరాలో మందు ఉంటుందన్న నమ్మకం లేదు. జవాబు దొరికాక చేసే పనేమీ లేనప్పుడు ప్రశ్న కూడా మొక్కుబడిగానే మిగులుతుంది.

ఫారంలో ఇంకో లోటు ఉంది. అది ముప్పై దాటినవారికే. బాలింతలు, ఇంటర్ తప్పిన పిల్లలు, ఉద్యోగం దొరక్క ఇంటిపట్టునే ఉన్న పాతికేళ్ల కుర్రాళ్లు అందులోకి రారు. పురిటికి పుట్టింటికి వచ్చిన అమ్మాయి బిడ్డకు పాలివ్వాలంటేనే ఏడుస్తుంటే "పచ్చిబాలింత, గాలి సోకింది" అని తాయెత్తు కడతారు. కాన్పయిన మొదటి కొద్ది రోజులు మనసు అటూ ఇటూ అవడం మామూలే, అది దానంతటదే పోతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది జబ్బు, వైద్యం కావాలి. కాన్పు తర్వాత మూడో రోజు నుంచి నలభై రెండో రోజు దాకా ఆశా ఆ ఇంటికి ఆరుసార్లు వెళ్తుంది. బిడ్డను తూస్తుంది, జ్వరం చూస్తుంది. తల్లి మనసు సంగతి మాత్రం ఆమె అడగాల్సిన వాటిలో గట్టిగా లేదు.

జబ్బులు ఎలా కనిపిస్తాయో కూడా చెప్పుకోవాలి. డిప్రెషన్ అంటే ఏడుస్తూ కూర్చోవడమే అనుకుంటాం. మన దగ్గర అది ఎక్కువగా ఒంటి బాధగానే వస్తుంది. ఆకలి పోతుంది, నిద్ర చెడుతుంది, చిన్న మాటకే విసుగు వస్తుంది, లేచి ముఖం కడుక్కోవడం కూడా పెద్ద పనిలా తోస్తుంది. "నేను వీళ్లందరికీ బరువైపోయాను" అన్న మాట నోట వస్తుంది. ఇలా రెండు వారాలకు మించి, రోజులో ఎక్కువ సేపు ఉండి, పనీ పాటా దెబ్బతింటే దానికి చికిత్స మొదలుపెట్టాలి. యాంగ్జైటీది వేరే దారి. ప్రతిదానికీ టెన్షన్, కండరాలు బిగుసుకుపోవడం, నెలల తరబడి ఏదో ముంచుకొస్తుందన్న భయం. అందులోనే పానిక్ అటాక్ ఒకటి. ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ఊపిరాడనట్టు, ఇక ప్రాణం పోతుందన్నంత గాబరా. పది నిమిషాల్లో తారస్థాయికి వెళ్లి మెల్లగా దిగుతుంది. ఆ మనిషిని కారులో రాజమండ్రికో కాకినాడకో పరుగులు పెట్టిస్తారు. ఈసీజీ, టుడీ ఎకో అన్నీ తీసి "గుండెకు ఏమీ లేదు, వెళ్లండి" అంటారు. గుండెకు లేదన్న మాట నిజమే, కానీ ఏముందో చెప్పకుండా పంపేస్తున్నారు. పదిహేను రోజులకు మళ్లీ అదే గాబరా, మళ్లీ అదే కారు, మళ్లీ అదే బిల్లు.

మగవాళ్ల దగ్గరికి వచ్చేసరికి గుర్తుపట్టడం ఇంకా కష్టం. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు గట్ల మీద రాత్రంతా మేలుకుని ఉండటం పనిలో భాగం. కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే, జనరేటర్ అందుకోకపోతే, తెల్లారేసరికి సరుకు తేలిపోతుంది. వైట్‌స్పాట్ తెగులు కనిపిస్తే రొయ్య ఏ సైజులో ఉంటే ఆ సైజుకే పట్టేసుకోవాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి చేర్చినప్పుడు మేత అప్పు మీద కల్చర్ వేసినవాళ్లు ఎంత నలిగారో ఈ జిల్లాలకు తెలుసు. అలాంటి రైతును "నిద్ర పడుతోందా" అని అడిగితే నవ్వుతాడు. అడగాల్సింది వేరు. పట్టుబడి అయిపోయి, చెరువు ఎండగట్టి, ఇంట్లో మంచం మీద పడుకున్న రోజుల్లో కూడా నిద్ర పట్టడం లేదా? అప్పుడూ పట్టకపోతే అది చెరువు మెలకువ కాదు. కౌలురైతు విషయంలోనూ అంతే. దాళ్వా పంట అమ్మి, మక్తా (కౌలు) కట్టేశాక కూడా మనిషి తేరుకోకపోతే కారణం అప్పు ఒక్కటే అనుకుని ఊరుకోకూడదు. చాలామంది మగవాళ్ల డిప్రెషన్ మందు సీసా వెనక దాక్కుంటుంది. ఊరంతా "తాగుబోతు" అంటుంది, తాగుడు ముందొచ్చిందా దిగులు ముందొచ్చిందా అని ఎవరూ అడగరు. కోనసీమలో తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరిగే ఇళ్లలో ముగ్గురికీ మూడు రకాల బెంగలు ఉంటాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపానును చూసిన తీరంలో గాలి జోరందుకుంటే ఇప్పటికీ గుండె దడ పట్టుకునే పెద్దవాళ్లున్నారు.

వీళ్లందరికీ మొదటి డాక్టరు ఊళ్లోని ఆర్‌ఎంపీ. అర్ధరాత్రి పిలిచినా బండేసుకుని వస్తాడు, అప్పు పెడతాడు, పేరు పెట్టి పలకరిస్తాడు. ఆ ఆదరణను మేము తక్కువ చేయం. నీరసానికి ఆయన ఎక్కించే సెలైన్ బాటిల్ వల్ల పెద్ద లాభమూ లేదు, చాలామందికి పెద్ద నష్టమూ లేదు. అసలు నష్టం నిద్రకని ఇచ్చే అల్ప్రాజొలాం బిళ్లతో వస్తుంది. ఆ రాత్రి హాయిగా నిద్ర పడుతుంది. కొన్ని వారాలకు అర బిళ్ల ఒకటవుతుంది, ఒకటి రెండవుతాయి. ఆపేస్తే చేతులు వణుకుతాయి, అసలు నిద్రే రాదు. చాలా కాలం వాడి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. అయినా మెడికల్ షాపులో పేరు చెబితే చేతిలో పెడతారు. ఔషధ తనిఖీ అధికారులు ఈ ఒక్క బిళ్ల అమ్మకాల రిజిస్టర్లు గట్టిగా చూసినా ఎంతో మేలు.

దీనివల్ల ఇంకో చేటు ఉంది. "అవన్నీ నిద్రమాత్రలే, ఒకసారి మొదలెడితే జీవితాంతం వాడాలి" అన్న భయం అసలు మందుల మీద కూడా పడింది. డిప్రెషన్‌కు వాడే ఫ్లుయాక్సెటిన్, ఎసిటాలోప్రాం వేరే జాతి మందులు. మత్తుమందుల్లా వ్యసనం కావు. ధర ఎక్కువ కాదు, రెండూ దేశ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే. అయితే వాటితో ఓ చిక్కుంది. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, కడుపులో తిప్పడం, కొందరికి గాబరా పెరగడం ముందు కనిపిస్తాయి. చాలామంది అయిదో రోజునే "ఇది నాకు పడలేదు" అని బిళ్లల అట్ట అటక మీద పడేస్తారు. గుణం కనిపించినవాళ్లేమో రెండో నెలలో "తగ్గిపోయిందిగా" అని ఆపేస్తారు. తగ్గాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. లేకపోతే జబ్బు తిరగబెడుతుంది. ఈ రెండు మలుపుల దగ్గర ఎవరో ఒకరు తలుపు తట్టి "వాడుతున్నారా" అని అడగాలి. అడిగే మనిషి ఊళ్లోనే ఉన్నది, ఆశాయే.

అందరికీ మందే అక్కర్లేదు. జబ్బు తేలికగా ఉంటే మాటలతో చేసే చికిత్సే ముందు. పెద్ద చదువుల కౌన్సెలర్లు కావాలని కూడా లేదు. గోవాలో మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి పీహెచ్‌సీల్లో కూర్చోబెట్టింది. జబ్బు పడ్డాక మానేసిన పనులేమిటో అడగడం, అందులో ఒక్కొక్కటీ మళ్లీ మొదలుపెట్టించడం, ఆరేడుసార్లు కలిసి మాట్లాడటం, అంతే. తీవ్రమైన డిప్రెషన్‌లో కూడా అది పని చేసిందని 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది. దేశంలో లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టయినా లేని పరిస్థితిలో మనకున్న దారి ఇదే.

గోవా దాకా పోనక్కర్లేదు. మన పశ్చిమ గోదావరిలోనే, జిల్లా విడిపోక ముందు, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థవాళ్లు ఇదే పని చేసి చూపించారు. ఆశాల చేతికి ట్యాబ్ ఇచ్చారు, పీహెచ్‌సీ డాక్టర్లకు శిక్షణ ఇచ్చారు, ఊళ్లో నాటకాలు, వీడియోలతో ఈ జబ్బుల మీద సిగ్గు పోయేలా ప్రచారం చేశారు. మొదట ఏజెన్సీలోని 30 పల్లెల్లో 5,007 మందిని అడిగితే 238 మందిలో లక్షణాలు బయటపడ్డాయి. వారిలో అంతకుముందు వైద్యం కోసం వెళ్లినవారు ఇద్దరంటే ఇద్దరు. ప్రయత్నం ముగిసేసరికి 30 మంది డాక్టరు దగ్గరికి వెళ్లారు. తర్వాత మరో 12 ఊళ్లలో 22 వేల మందికి పైగా అడిగి 900 మందిని గుర్తిస్తే, 731 మంది వెళ్లారు. అంటే పదిమందిలో ఎనిమిది మంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో డిప్రెషన్ ఉన్న నూటికి ఎనభై అయిదుగురికి వైద్యమే అందడం లేదని తేలిన దేశం ఇది. మన ఊళ్లలో, మన ఆశాలు, మన డాక్టర్లు తెచ్చిన ఫలితం మన జిల్లా ఆరోగ్య ప్రణాళికల్లో శాశ్వతంగా ఎందుకు చేరలేదు? ప్రాజెక్టు అయిపోతే పనీ అయిపోవాలా?

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో, జిల్లా కార్యక్రమం 1996లో మొదలయ్యాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్య సేవలను పౌరుడి హక్కు చేసింది. 2022 అక్టోబరు 10న ఫోన్‌లో మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే టెలి మానస్ వచ్చింది. 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరు బీపీ గది గోడ మీద, జూనియర్ కాలేజీ నోటీసుబోర్డులో, మేత దుకాణంలో, చేపల రేవులో ఉండాలి. ఎవరైనా బతకాలని లేదని అంటే బెదిరింపు అనుకుని కొట్టిపారేయకండి. చావు ఆలోచన వస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఒంటరిగా వదలకండి, పురుగుమందులు ఇంట్లోంచి తీసేయండి, ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది.

ఇక చేయాల్సిన పనులు. ఫారంలోని ఆ రెండు ప్రశ్నలు పద్దెనిమిదేళ్లు దాటిన అందరినీ, కాన్పు తర్వాతి ఆఖరి సందర్శనలో ప్రతి తల్లినీ అడగాలి. వీధిలో కాదు, ఆరోగ్య కేంద్రంలో తలుపు వేసి, బీపీ చూసే వేళ అడగాలి. అందుకు ఆశాకు విడిగా డబ్బు కట్టాలి, మాటల్లో మెచ్చుకుని సరిపెట్టకూడదు. పీహెచ్‌సీ తెప్పించుకునే మందుల ఇండెంటులో ఫ్లుయాక్సెటిన్ లేదా ఎసిటాలోప్రాం ఏ నెలా తప్పకూడదు. ప్రతి పీహెచ్‌సీ డాక్టరుకూ ఫోన్‌లో సలహా చెప్పే సైకియాట్రిస్టు ఎవరో ముందే తేల్చి ఉంచాలి. ఏలూరు, భీమవరం, రాజమహేంద్రవరం, అమలాపురం, కాకినాడల్లోని అయిదుగురు జిల్లా వైద్యాధికారులూ ఒక పూట కలిసి కూర్చుంటే దీనికి ఓ రూపం వస్తుంది. సార్వా కోతలు పూర్తయ్యే లోపు ఆ సమావేశం తేదీ ప్రకటించమని ప్రభుత్వాన్ని అడుగుతున్నాం.