పాత పాఠాలనూ చూడనివ్వండి

కడప ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఒక టీ కొట్టు ముందు గత ఆదివారం ఒక తాత, ఒక మనవడు గట్టిగా వాదించుకున్నారు. తాత పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. మనవడు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. ఇద్దరూ అప్పుడే మాట్నీలో ‘సూపర్‌మ్యాన్’ కొత్త సినిమా చూసి వచ్చారు. ‘1978లో వచ్చినదాన్ని చూడకుండా నువ్వు ఈ పాత్ర గురించి మాట్లాడకూడదు నాయనా’ అని తాత. ‘2013లో వచ్చినవాడే అసలైనవాడు తాతా, మీరు చూసినదంతా తీగలు కట్టి ఎగరేసిందే కదా’ అని మనవడు. కొత్త సినిమా బాగుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎందుకు బాగుందన్న దగ్గరే పేచీ వచ్చింది. చివరికి తేలిన సంగతి ఏమిటంటే, తాత 2013 నాటి సినిమా చూడలేదు, మనవడు 1978 నాటిది చూడలేదు. ఎదుటివారు ప్రేమించిన సినిమా గురించి ఇద్దరూ విన్నది తప్ప కన్నది లేదు.

2025 జులై 11న జేమ్స్ గన్ దర్శకత్వంలోని ఈ చిత్రం విడుదలైనప్పటి నుంచి ఇదే వాదన హాస్టల్ గదుల్లో, కళాశాల మెట్ల మీద, ప్రొద్దుటూరు, రాయచోటి బస్సుల్లో సాగుతోంది. దీన్ని పనీపాటా లేని కుర్రాళ్ల గొడవగా కొట్టిపారేసేవారితో మేము ఏకీభవించం. ఒక కథను ఎవరు ఎలా చెప్పారు, ఏది మార్చారు, ఆ మార్పు కథకు మేలు చేసిందా కీడు చేసిందా అని పట్టుబట్టి మాట్లాడుకోవడం సాహిత్య విమర్శే. ఒకే రచన ఒక్కో ప్రతిలో, ఒక్కొక్కరి చేతిలో ధరించే రూపాన్ని పాఠమంటారు. అలా మారిన రూపానికి మన భాషలో చక్కని మాట ఒకటి ఉంది, పాఠాంతరం. ఆ మాటకు కడపలోనే ఒక చిరునామా కూడా ఉంది.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. చెదలకూ తేమకూ ఆహుతైపోతున్న తాళపత్ర గ్రంథాలను ఎక్కడెక్కడి నుంచో తెప్పించాడు. ఇక్కడి బంగళాలో పండితులను కూర్చోబెట్టి, వారికి సొంత డబ్బుతో జీతాలిచ్చి, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నిటినీ పక్కపక్కన పెట్టించి తేడాలు గుర్తింపజేశాడు. వేమన పద్యాలు ఒక్కో ప్రతిలో ఒక్కో రకంగా ఉంటే ఆయన విసుక్కోలేదు. మరిన్ని ప్రతులు తెప్పించుకున్నాడు. ఆ బంగళా శిథిలమైన చోటే ఈరోజు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం నిలిచింది. మంచి పాఠం ఏదో తేల్చాలంటే ముందు అన్ని పాఠాలూ చేతికి అందాలన్నది ఆయన పని పద్ధతి. సినిమాలకూ ఆ పద్ధతే వర్తించాలని మేము కోరుతున్నాం.

సూపర్‌మ్యాన్‌నే తీసుకుందాం. ‘అసలైన సూపర్‌మ్యాన్’ అని అభిమానులు పట్టుబడుతున్న ఆ అసలు ఎక్కడుంది? జెర్రీ సీగెల్ రాయగా జో షుస్టర్ బొమ్మలు గీసిన ఆ పాత్ర 1938లో ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచికలో పుట్టింది. ఆ తొలి సూపర్‌మ్యాన్‌కు ఎగరడం రాదు! పెద్ద పెద్ద గంతులు వేస్తాడు, రైలును మించి పరుగెత్తుతాడు, అంతే. అతడు ఎదుర్కొన్నది కూడా ఇతర గ్రహాల రాక్షసులను కాదు. నిరపరాధిగా మరణశిక్షకు సిద్ధమైన ఒక స్త్రీని కాపాడాడు. భార్యను కొడుతున్న ఒక మగవాణ్ణి పట్టుకుని బుద్ధి చెప్పాడు. రాజకీయ నాయకులను ప్రలోభపెట్టే ఒక దళారిని హడలగొట్టాడు. ఆర్థిక మాంద్యంలో నలిగిపోయిన దేశంలో ఇరవై నాలుగేళ్లయినా నిండని ఇద్దరు యువకులు కన్న కల అది. ఆకాశంలో ఎగరడమన్నది ఆ తర్వాత వచ్చి చేరిన పాఠాంతరం. 1948లో 15 భాగాల సీరియల్‌గా తీసినప్పుడు అతడు ఎగిరే ఘట్టం వస్తే నటుణ్ణి తప్పించి కార్టూన్ బొమ్మను ఎగరేశారు.

1978 నాటి సినిమాకు ఇప్పటికీ అంతమంది ఎందుకు అతుక్కుపోయారో తెలియాలంటే అందులో ఒక చిన్న ఘట్టం చూస్తే చాలు. అప్పుడే తాను మనసుపడిన విలేకరి లోయిస్‌ను ఆకాశంలో తిప్పి తీసుకొచ్చిన సూపర్‌మ్యాన్ (క్రిస్టఫర్ రీవ్), మళ్లీ తాను మామూలు మనిషిగా తిరిగే క్లార్క్ కెంట్ వేషంలో ఆమె ఇంటికి వస్తాడు. ఆమె పక్క గదిలో ఉంటుంది. నిజం చెప్పేద్దామనుకుని కళ్లజోడు తీస్తాడు. వంగిన భుజాలు నిటారుగా లేస్తాయి. మెడ నిలబడుతుంది. గొంతు లోతుకు దిగుతుంది. మన కళ్ల ముందే, దుస్తులు మారకుండా, అతడు మరో మనిషి అవుతాడు. మరుక్షణం ధైర్యం చాలక కళ్లజోడు పెట్టుకుంటాడు, భుజాలు మళ్లీ కుంగిపోతాయి. అందులో తీగలు లేవు, గ్రాఫిక్స్ లేవు, ఒక నటుడి వెన్నెముక మాత్రమే ఉంది. కళ్లజోడు పెట్టుకుంటే ఎవరూ గుర్తుపట్టరా అని అడిగే పిల్లలకు ఇంతకంటే మంచి జవాబు మరే సూపర్‌మ్యాన్ చిత్రంలోనూ లేదన్నది మా అభిప్రాయం. తీగల మాట ఎత్తిన ఆ మనవడు ఈ ఒక్క ఘట్టం చూడాలి.

అలాగని తాత గెలిచినట్టు కాదు. 2013లో జాక్ స్నైడర్ తీసిన చిత్రం చివర్లో హెన్రీ కావిల్ చేసిన సూపర్‌మ్యాన్ ఒక కుటుంబాన్ని కాపాడటానికి శత్రువు మెడ విరిచి, ఆ వెంటనే గుండె పగిలేలా అరుస్తాడు. ప్రాణం తీయని వీరుడిగా పేరున్నవాడి చేత ప్రాణం తీయించడం తప్పా ఒప్పా అని అభిమానులు ఏళ్లుగా కొట్లాడుకుంటున్నారు. ఆ అరుపులోని బాధను నిజాయతీగా చూడకుండా ఆ సినిమాను తీసిపారేయడం న్యాయం కాదు. ఇక కొత్త సినిమా మొదలయ్యేసరికే డేవిడ్ కోరెన్స్‌వెట్ చేసిన సూపర్‌మ్యాన్ ఓడిపోయి, రక్తం కక్కుతూ మంచులో పడి ఉంటాడు. ఈల వేసి కుక్కను పిలుచుకుంటాడు. అతడు పుట్టిన క్రిప్టాన్ గ్రహం పేలిపోవడం, పసివాడు పొలంలో దొరకడం అనే కథంతా మళ్లీ చూపించలేదు. మీకు తెలుసు కదా అన్నట్టు నేరుగా మధ్యలోంచి ఎత్తుకున్నాడు దర్శకుడు. మరోవైపు, కన్నతండ్రి పంపిన సందేశంలో ఎవరూ ఊహించని మలుపు పెట్టాడు. ఆ మలుపు మీదే ఇప్పుడు అసలైన తగాదా. పాత సినిమాలో ఆ సందేశం ఎంత పవిత్రంగా వినిపించిందో తెలిసినవారికే ఈ మలుపు ఎంత పెద్దదో అర్థమవుతుంది. తెలియనివారికి అది మామూలు కథాంశంగా దాటిపోతుంది. మేము చెప్పదలచుకున్నది సరిగ్గా ఇదే. కొత్త పాఠం రుచి తెలియాలంటే పాత పాఠం చదివి ఉండాలి.

తెలిసిన కథను మళ్లీ చెప్పడం రాయలసీమకు కొత్త కాదు. బద్వేలు దగ్గరి గోపవరం తన ఊరని ఈ జిల్లా గర్వంగా చెప్పుకొనే మొల్ల, కవీశ్వరులు మునుపే చెప్పిన రామకథను తిరిగి చెప్పడం దేనికన్న ప్రశ్నను తన రామాయణం మొదట్లోనే ఎత్తుకుంది. ఇహానికీ పరానికీ మూలమైన ఆ కథను మరోసారి చెప్పుకుంటే తప్పేమిటని నిబ్బరంగా జవాబిచ్చింది. 1885లో ఈ జిల్లాలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో ‘కీచకవధ’ ఆడిన కళాకారుల కుటుంబాలు అంతకుముందు అవే కథలను తోలుబొమ్మలతో చెప్పినవే. బొమ్మ స్థానంలో మనిషి వచ్చాడు, దీపం వెలుగులో కదిలే నీడకు బదులు రంగు రంగుల తెరలు వచ్చాయి. తాళ్ల మీద నారదుడు మేఘాల నడుమ దిగుతుంటే, మంటలు లేస్తుంటే, ఊళ్లకు ఊళ్లు నోరు తెరుచుకుని చూశాయి. తాళ్లు కనబడుతున్నాయని ఎవరూ లేచి వెళ్లిపోలేదు.

‘మాయాబజార్’ సంగతి మరీ దగ్గరిది. శశిరేఖ పెళ్లి కథ వ్యాస భారతంలో లేదు. జనం నోళ్లలో, నాటక సమాజాల చేతుల్లో పెరిగింది. 1936లో ఒకసారి తెలుగు సినిమాగా వచ్చింది. మళ్లీ 1957లో తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి దర్శకత్వంలో, కడప జిల్లా పొట్టిపాడుకు చెందిన నాగిరెడ్డి, ఆయన మిత్రుడు చక్రపాణి నిర్మాతలుగా వచ్చింది. మార్కస్ బార్ట్‌లీ కెమెరా ముందు లడ్డూలు వాటంతట అవే ఎస్వీ రంగారావు నోట్లోకి నడిచాయి. మనం ‘అసలు’ అని నెత్తిన పెట్టుకునే ఆ సినిమా కూడా పాఠాంతరమే! 2010లో దానికి రంగులద్ది విడుదల చేసినప్పుడు, నలుపు తెలుపుల్లోనే అందమని కొందరు, రంగుల్లో పిల్లలు చూస్తారని కొందరు వాదించుకున్నారు. టీ కొట్టు ముందు తాతా మనవళ్ల వాదన దాని కొనసాగింపే. ఆ మాటకొస్తే సూపర్‌మ్యాన్‌కూ తెలుగు పాఠం ఉంది. 1980లో ఎన్.టి.రామారావు ఆ పేరుతోనే నటించిన చిత్రంలో శక్తి గ్రహాంతరం నుంచి రాదు, ఆంజనేయుడి అనుగ్రహంగా వస్తుంది. శ్రావణ శనివారాల్లో గండి వీరాంజనేయుణ్ణి దర్శించుకునే ఈ జిల్లా జనానికి ఆ మార్పును ఎవరూ వివరించనక్కర్లేదు.

ఇంత సంపద ఉన్నచోట చర్చ బూతులకు దిగజారడం మమ్మల్ని బాధిస్తోంది. ఫలానా దర్శకుణ్ణి ఇష్టపడితే నువ్వు అభిమానివే కాదని, వసూళ్ల అంకెలు చూపించి నీ సినిమా చచ్చిందని, ఆడపిల్ల అభిప్రాయం చెబితే నీకేం తెలుసని ఫోన్లలో సాగుతున్న దాడి విమర్శ కాదు. అభిమానుల పట్టుదల ఎంత మేలు చేయగలదో ఈ వీరుల చరిత్రలోనే ఉంది. 1978 సినిమా దర్శకుడు రిచర్డ్ డోనర్‌ను ‘సూపర్‌మ్యాన్ 2’ మధ్యలో తప్పించారు. ఆయన కూర్పు 2006లో వెలుగు చూసింది. 2021లో స్నైడర్ కూర్చిన నాలుగు గంటల ‘జస్టిస్ లీగ్’ వచ్చిందంటే అభిమానులు ఏళ్ల తరబడి అడగడం వల్లే. ఆ ఉద్యమంలో ఉన్నవారే ఆత్మహత్యల నివారణకు పెద్ద మొత్తంలో విరాళాలు పోగుచేశారు. అదే ఉద్యమం పేరు చెప్పి మరికొందరు నటులనూ విలేకరులనూ దూషించారు. ఈ రెంటిలో ఏ తోవ పట్టాలో మన కుర్రాళ్లకు తెలుసని మా నమ్మకం.

ఇంకో మాట కూడా వారు గుర్తుంచుకోవాలి. సీగెల్, షుస్టర్ ఆ పాత్ర మీద హక్కులన్నీ 130 డాలర్లకు రాసిచ్చేశారు. పాత్ర లోకమంతా ఎగిరింది గానీ దాన్ని పుట్టించినవారిలో ఒకరు గుమాస్తా పనితో బతికారు, మరొకరికి చూపు మసకబారింది. 1975లో తోటి చిత్రకారులు గొంతెత్తితే తప్ప వారికి భృతి దక్కలేదు, తెర మీద పేరు తిరిగి రాలేదు. 1978 సినిమాలో వారి పేర్లు కనబడటం వెనక ఆ పోరాటం ఉంది. అందుకే, అభిమానులు దర్శకుల కోసం కొట్టుకునే శక్తిలో కొంత ఇలాంటివారి కోసం దాచుకోవాలి. విదేశీ చిత్రాలకు తెలుగు మాటలు రాసేవారు, గొంతు అరువిచ్చేవారు కూడా ఆ కోవలోనివారే. ఆ మాటల ద్వారానే కదా మన పిల్లలు ఈ వీరుణ్ణి ప్రేమించింది! వారి పేర్లు సినిమా మొదట్లోనే చదవగలిగేలా వేయాలి.

చూద్దామన్నా పాతవి దొరకకపోవడం ఈ చర్చకున్న పెద్ద అడ్డంకి. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. ఈరోజు దాన్ని చూడగలిగిన తెలుగువాడు లేడు. మన సినిమా చరిత్రకు మొదటి పేజీయే చిరిగిపోయింది. తాళపత్రాలను కాపాడుకున్న ఊరు ఆ నష్టాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కొత్త విదేశీ చిత్రాలను తెలుగులో విడుదల చేసే సంస్థలు వాటి పాత రూపాలను కూడా తెలుగు మాటలతో అందుబాటులో ఉంచాలి. అభిమాన హీరోల పుట్టినరోజులకు పాత సినిమాలు మళ్లీ వేస్తున్న మన థియేటర్ల యజమానులు, ఆదివారం ఉదయం ఆట ఒకటి ఇలాంటి వాటికి కేటాయించాలి. 1978 నాటిది ఒక వారం, 2013 నాటిది మరో వారం వేస్తే చాలు. విద్యార్థులకు టికెట్టు తగ్గించాలి. యోగి వేమన విశ్వవిద్యాలయం, బ్రౌన్ కేంద్రం కలిసి ఆ ఆటల తర్వాత గంటసేపు చర్చ నడిపితే మైకు ముందు మాట్లాడటానికి మన పిల్లలు బారులు తీరతారు.

సురభివారిని పిలిపించి వారు పుట్టిన జిల్లాలో ‘మాయాబజార్’ ఆడించాలి. దసరా సెలవుల్లోగా ఆ ప్రదర్శన ఏర్పాటు చేయాలని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాం. టీ కొట్టు దగ్గరి ఆ తాతకూ మనవడికీ ముందు వరుసలో రెండు కుర్చీలు ఉంచాలి.